ఇరవై మిషన్ల యూనిట్‌లో పెద్ద కంపెనీల పద్ధతులు ఎట్ల పెట్టుకోవాలి

మాది అనంతపురం జిల్లా రాయదుర్గం. జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్, మా నాన్న ఆరు మిషన్లతో మొదలుపెట్టినాడు, ఇప్పుడు ఇరవై రెండు అయినాయి. మా ఊర్లో ఏ సందులోకి పోయినా మిషన్ల చప్పుడే కదా, పని కొంత బళ్లారి పార్టీలది, అంటే ఆర్డర్లు ఇచ్చే వ్యాపారులది, కొంత సొంత సరుకు. ఈమధ్య కొత్తగా యూనిట్ పెట్టిన తమ్ముళ్లు శానామంది అడుగుతాండారు, అన్నా పెద్ద కంపెనీలు ఎట్ల అంత పెద్దవైనాయి, వాళ్ల మేనేజ్‌మెంట్ మనకేమన్నా పనికొస్తుందా అని. పనికొస్తుంది. మూడేళ్లుగా దీని గురించి చదివి, నా యూనిట్‌లోనే పెట్టి చూసినా కాబట్టి ధైర్యంగా చెప్తాండా. నా దగ్గర కుదిరినవి మాత్రమే రాస్తా.

ముందు ఒక మాట. శానా కంపెనీల కథలు చదివినాక నాకు అర్థమైంది ఒకటే, బాగా నడిచే పెద్ద కంపెనీలో తప్పు జరిగితే ఆ కబురు అప్పటికప్పుడు పైకి పోతుంది, చెప్పినోళ్లకి ఏమీ కాదు. మిగతా ప్రిన్సిపుల్స్ ఏవి తీసుకున్నా దీని చుట్టే తిరుగుతాయి. ఇది నాకు పుస్తకాల్లో కంటే ముందు నష్టంలోనే తెలిసింది, అది చెప్పి అసలు విషయానికి వస్తా.

మూడేళ్ల కింద ఒక ఆర్డర్ వచ్చింది, 640 ప్యాంట్లు. బట్ట రెండు లాట్లలో వచ్చింది, చూస్తే రెండూ ఒకే ముదురు నీలం, కటింగ్ టేబుల్ మీద రోల్ నంబర్ స్టిక్కర్లు వెయ్యకుండా కోసేసినాం, కోసిన ముక్కల బండిళ్లు కలిసిపోయినాయి, కుట్టేసినాం, వాషింగ్‌కి పంపినాం. వాష్ నుంచి వచ్చినాక చూస్తే ఒక కాలు ఒక షేడ్, ఇంకో కాలు ఇంకో షేడ్. పార్టీ సరుకు మొత్తం వెనక్కి పంపేసినాడు. ఆ రోజు నేను యూనిట్‌లో అరిచిన అరుపులు ఇప్పుడు తలుచుకుంటే నాకే బాధేస్తుంది. మూడో రోజు ఓవర్‌లాక్ (బట్ట అంచులు కుట్టే మిషన్) మీద కూర్చునే అక్క ఒకామె నెమ్మదిగా వచ్చి, "అన్నా, నాకి ముందే అనుమానం వచ్చింది, బట్ట వెనకపక్క రంగు తేడాగా ఉన్నింది, పని ఆపితే నువ్వు తిడతావని గమ్మున ఉన్న్యా" అనింది. దానికి ముందు వారమే పని ఆపినందుకు ఒక పిల్లోడిని అందరి ముందర తిట్టినా నేను. అంటే ఆ 640 ప్యాంట్ల నష్టం కటింగ్ టేబుల్ మీద మొదలు కాలేదు, నా నోటి దగ్గర మొదలైంది.

కాబట్టి మీరు చెయ్యాల్సిన మొదటి పని, పని ఆపే హక్కు కుట్టేవాళ్ల చేతిలో పెట్టండి. ఇది టొయోటా పద్ధతి. దీని పుట్టుక కూడా మన బట్టల లైన్‌లోనే జరిగింది, అందుకే నాకు ఇంకా ఇష్టం. సాకిచి టొయోడా అని జపాన్ ఆయన, కార్లు కాదు ఆయన చేసింది మగ్గాలు, 1924లో ఆయన తెచ్చిన ఆటోమేటిక్ మగ్గంలో దారం తెగితే మగ్గం తనంతట తనే ఆగిపోతుంది. దారం తెగినా మగ్గం నడుస్తా ఉంటే గజాలకు గజాలు పాడైన గుడ్డ వస్తుంది కదా, ఆగితే ఆ ఒక్క దారం ముడేస్తే సరిపోతుంది, పైగా ఒక్కొక్క మగ్గం దగ్గర ఒక మనిషి కాపలా నిలబడాల్సిన పనిలేదు. 1937లో మొదలైన టొయోటా కార్ల కంపెనీ ఇదే ఆలోచనని ఫ్యాక్టరీకి తీసుకుపోయింది, లైన్ పొడుగునా తాడు ఉంటుంది, ఏ వర్కర్‌కి తేడా కనిపించినా తాడు లాగుతాడు, లైట్ వెలుగుతుంది, టీమ్ లీడర్ పరిగెత్తుకుంటూ వస్తాడు, అప్పటికప్పుడు సరిచేస్తే లైన్ నడుస్తుంది, లేకుంటే ఆగుతుంది.

మన యూనిట్‌లో తాడు అక్కర్లేదు, కాలింగ్ బెల్ చాలు. నేను వరుసకి ఒకటి పెట్టినా, మూడు వరుసలకి మూడు. కానీ బెల్ పెట్టడం సులభం, నొక్కేలా చెయ్యడమే కష్టం. నా దగ్గర పన్నెండు రోజులు ఒక్కరు కూడా నొక్కలేదు. ఎందుకంటే మనది పీస్ రేటు. ప్యాంటుకి ఇంత అని కూలి ఇస్తున్నప్పుడు బెల్ నొక్కి పది నిమిషాలు కూర్చుంటే ఆ పది నిమిషాల కూలి నష్టం కుట్టే ఆమెకే, ఇంక ఎందుకు నొక్కుతుంది చెప్పండి. పెద్ద కంపెనీల పద్ధతులు చూసి కాపీ కొట్టేవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే, తాడు చూస్తారు గానీ తాడు వెనక ఉండే జీతం లెక్క చూడరు. నేనేం చేసినానంటే, బెల్ కొట్టినప్పటి నుంచి మిషన్ మళ్లీ తిరిగేదాకా ఎన్ని నిమిషాలు పోతే అన్ని నిమిషాలకి ఆమె ఆ రోజు కుట్టిన సగటు లెక్కన కూలి కట్టిస్తా. మేస్త్రి తన దగ్గరుండే నోట్‌బుక్‌లో టైమ్ రాసి పెడతాడు. ఆ రూల్ పెట్టిన రెండో రోజే మొదటి బెల్ మోగింది, జిప్ రన్నర్లు నాసిరకం వచ్చినాయి, మొత్తం బాక్స్ వెనక్కి పంపించినాం. బెల్ కొట్టిన పిల్లకి అందరి ముందర థ్యాంక్స్ చెప్పినా.

బెల్ మోగినప్పుడు మీ నోట్లోంచి వచ్చే మొదటి మాట "ఎవరు చేసినారిది" అని ఉండకూడదు. "ఏమైందమ్మా, చూపించు" అనాల. ఇది చదవడానికి చిన్నగా ఉంటుంది, నాకు అలవాటు కావడానికి ఆరు నెలలు పట్టింది. మేస్త్రికి ఇంకా ఎక్కువ పట్టింది, ఆయన పాతకాలం మనిషి, గొంతు పెంచితేనే పని జరుగుతుందని నమ్మినోడు.

ఇక్కడే అందరూ ఒక మాట అంటారు, మన లేబర్ అట్లాంటోళ్లు కాదన్నా, జపాన్ వాళ్ల క్రమశిక్షణ వేరే అని. వాళ్లకి నేను ఈ కథ చెప్తా. అమెరికాలో కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్ అని ఊరు, అక్కడ జనరల్ మోటార్స్ కార్ల ఫ్యాక్టరీ ఉన్నింది, పనికి ఎగ్గొట్టేవాళ్లు, పనిలోనే తాగేవాళ్లు, రోజూ గొడవలు, కార్లు నాసిగా వచ్చేవి, 1982లో మూసేసినారు. 1984లో టొయోటాతో కలిసి అదే ఫ్యాక్టరీని మళ్లీ తెరిచినారు, పనివాళ్లు ఎక్కువమంది ఆ పాతవాళ్లే, యూనియన్ కూడా అదే. కొంతమందిని జపాన్ పంపి ట్రైనింగ్ ఇప్పించినారు, తాడు లాగే హక్కు చేతికిచ్చినారు. కొద్దికాలంలోనే అక్కడి కార్లు జపాన్‌లో తయారైన వాటికి దగ్గరగా నాణ్యత చూపించినాయి, ఎగ్గొట్టడం బాగా తగ్గిపోయింది. మనుషులు మారలేదు, నడిపే పద్ధతి మారింది. కాబట్టి లేబర్‌ని తిట్టే ముందు ఈ కథ గుర్తు పెట్టుకోండి. మన పెనుకొండ పక్కన ఎర్రమంచిలో కియా 2019లో సెల్టోస్ కార్లు తీయడం మొదలుపెట్టింది కదా, ఇన్నాళ్లూ వేరుశనగ చేలు తప్ప ఫ్యాక్టరీ చూడని మన పక్క పిల్లోళ్లే అక్కడ షిఫ్టుల్లో పనిచేస్తాండారు. మనవాళ్లకి చాతకాదు అనే మాట నేనైతే మానేసినా.

బెల్ మోగినాక ఏం చెయ్యాలి? ఎందుకు, ఎందుకు అని ఐదుసార్లు అడగాల. ఇది కూడా టొయోటాలోదే, టైచి ఓనో అనే ఇంజనీర్ దీన్ని ఫ్యాక్టరీ అంతా అలవాటు చేసినాడు. మా దగ్గర జరిగిందే చెప్తా. బార్‌టాక్ మిషన్ (లూపులు ఊడకుండా గట్టి కుట్టు వేసేది) మీద సూదులు ఊరికే విరుగుతాండాయి. ఎందుకు? బెల్ట్ లూప్ దగ్గర బట్ట మందంగా ఉంది. ఎందుకు మందంగా ఉంది? లూప్ మడత ఎక్కువ వస్తాంది. ఎందుకు ఎక్కువ వస్తాంది? లూప్ ముక్క అర అంగుళం పొడుగ్గా కోస్తాండారు. ఎందుకు? కోసే పిల్లోడు పోయిన ఆర్డర్ కొలతే వాడతాండాడు. ఎందుకు? కొత్త ఆర్డర్ కొలత అతనికి ఎవరూ చెప్పలేదు, రాసి పెట్టిన చోటు కూడా ఏదీ లేదు. చూడండి, మొదటి ప్రశ్నతోనే ఆపేసి ఉంటే మంచి కంపెనీ సూదులు కొని డబ్బు తగలేసేవాళ్లం, నాలుగో ప్రశ్నతో ఆపి ఉంటే ఆ పిల్లోడిని తిట్టేవాళ్లం. ఐదో దానికి పోయినాం కాబట్టి ఇప్పుడు ఆర్డర్ మారిన ప్రతిసారీ ప్రతి మిషన్ ముందర ఒక శాంపిల్ ముక్క, కొలత రాసిన అట్ట వేలాడదీస్తాం. మీరు అడిగేటప్పుడు జవాబుగా ఒక మనిషి పేరు వచ్చిందంటే ఇంకా అడగాల్సింది మిగిలి ఉందని లెక్క, అక్కడ ఆగొద్దు.

శాంపిల్ ముక్క వేలాడదీయడం అంటే అదే పెద్ద కంపెనీల వాళ్లు చెప్పే స్టాండర్డ్ పద్ధతి. పని మనిషి గుర్తు మీద కాకుండా గోడ మీద ఉండాల, ఎవరు లీవ్ పెట్టినా నడవాల. అమెరికాలో బర్గర్లు అమ్మే మెక్‌డొనాల్డ్స్ పెట్టిన అన్నదమ్ములు వాళ్ల వంటిల్లు మార్చాలనుకున్నప్పుడు ఒక టెన్నిస్ కోర్టులో నేల మీద చాక్‌పీసుతో వంటగది గీసినారంట, పనివాళ్లని అందులో నిలబెట్టి బర్గర్ చేస్తున్నట్టు నడిపించి, ఎవరు ఎవరికి అడ్డం వస్తాండారో చూసి, చెరిపి మళ్లీ గీసినారు. ఆ మెక్‌డొనాల్డ్స్‌ని చూసే మన మదురైలో డాక్టర్ వెంకటస్వామి, సర్కారు ఉద్యోగం రిటైర్ అయినాక 1976లో 11 బెడ్లతో అరవింద్ కంటి ఆసుపత్రి పెట్టినాడు, ఒకే రుచి ఒకే పద్ధతి అన్ని ఊర్లలో ఇవ్వగలిగితే కంటి ఆపరేషన్ ఎందుకు ఇవ్వలేము అని ఆయన ప్రశ్న. అక్కడ ఆపరేషన్ థియేటర్‌లో ఒక టేబుల్ మీద ఆపరేషన్ జరుగుతుంటే పక్క టేబుల్ మీద తర్వాతి పేషెంట్ రెడీగా ఉంటాడు, డాక్టర్ ఇటు ముగించి అటు తిరుగుతాడు, మిగతా పనంతా ట్రైనింగ్ ఇచ్చిన పల్లెటూరి ఆడపిల్లలు చూసుకుంటారు. అట్ల చేసే ఎంతోమంది పేదోళ్లకి ఉచితంగా చూపు ఇవ్వగలుగుతాండారు. ఈ కథ చదివినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది, మేనేజ్‌మెంట్ అంటే లాభాల కోసమే అనుకునేవాళ్లకి ఇదే చెప్తా.

నేను కూడా గీసినా. మా మిద్దె మీద ముగ్గుపిండితో యూనిట్ మొత్తం, మిషన్లు ఎక్కడ ఉన్నాయో అక్కడ ఇటుకలు పెట్టి, ఒక బండిల్ కటింగ్ నుంచి ప్యాకింగ్ దాకా ఎట్ల పోతుందో నేనూ మేస్త్రీ ఇద్దరం నడిచినాం. పాకెట్ కుట్టే మిషన్లు ఒక మూల, ఓవర్‌లాక్ ఇంకో మూల, బండిల్ యూనిట్‌ని రెండుసార్లు అడ్డంగా దాటుతాంది. నాలుగు మిషన్లు జరిపినాం అంతే, కరెంటు పాయింట్ల ఖర్చు తప్ప ఏం లేదు, హెల్పర్ పిల్లోళ్లు మోసుకుంటూ తిరగడం శానా తగ్గింది. మీరూ ఒక ఆదివారం ఈ పని చెయ్యండి, కాగితం మీద గీస్తే ఇది తెలియదు, కాళ్లతో నడిస్తేనే తెలుస్తుంది.

ఒక మనిషికి ఒకే బాస్. ఫ్రాన్స్‌లో హెన్రీ ఫయోల్ అని గనుల కంపెనీ నడిపినాయన, 1888లో దివాలా తీసే స్థితిలో ఉన్న కంపెనీని చేతికి తీసుకొని నిలబెట్టి, 1916లో మేనేజ్‌మెంట్ ప్రిన్సిపుల్స్ రాసినాడు, అందులో ఇదొకటి. మన కుటుంబం యూనిట్లలో దీన్ని రోజుకి పదిసార్లు దాటుతాం. నాన్న వచ్చి ఈ ఆర్డర్ ముందు తీయండి అంటాడు, నేను ఫోన్ చేసి అది ఆపి ఇది తీయండి అంటా, మేస్త్రి మూడోది చెప్తాడు, మధ్యలో కుట్టేవాళ్లు ముగ్గురినీ చూసి ఎవరికీ చెప్పకుండా ఏదో ఒకటి చేస్తారు. మా ఇంట్లో నాన్నకి ఈ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు, చివరికి పనులు పంచుకున్నాం, బట్ట కొనడం, బాకీలు వసూలు చేయడం నాన్నది, అందులో నేను వేలు పెట్టను, లైన్ మీద ఏం నడవాలో మేస్త్రికి నేనొక్కడినే చెప్తా, మిషన్ దగ్గర మేస్త్రి మాటే ఫైనల్. నాన్నకి ఆ పనిలో అనుభవం ఉంది కాబట్టి అది ఆయనకీ గౌరవంగానే అనిపించింది.

నిర్ణయాల సంగతి. అమెజాన్ పెట్టిన జెఫ్ బెజోస్ 2015 సంవత్సరం షేర్‌హోల్డర్ల లెటర్‌లో నిర్ణయాలు రెండు రకాలు అని రాసినాడు, వెనక్కి రాగలిగే తలుపు ఒకటి, దాటితే మళ్లీ రాలేని తలుపు ఒకటి. కంపెనీ పెద్దదయ్యే కొద్దీ అన్నింటినీ రెండో రకం మాదిరి చూసి నెమ్మదైపోతుంది అని ఆయన మాట. మన దగ్గర ఇది రివర్స్‌లో జరుగుతుంది. సూదుల ప్యాకెట్ కొనడానికి ఓనర్ కోసం గంట ఎదురుచూస్తారు, కానీ కొత్త పార్టీకి లక్షల సరుకు అప్పు మీద ఒక టీ తాగే లోపల ఒప్పుకుంటాం. నేను మేస్త్రికి రెండు వేల లోపు రిపేరు, సామాను ఏదైనా నన్ను అడగకుండా తీసుకో, రాత్రికి బిల్లు ఇవ్వు చాలు అని చెప్పినా. కొత్త పార్టీ, లోన్ మీద మిషన్, ఈ రెండూ అయితే ఆ రోజు జవాబు చెప్పను, నాన్నతో మాట్లాడి మరుసటి రోజే చెప్తా.

జీతాల దగ్గర కొంచెం ఆగాల. 1913లో ఫోర్డ్ కార్ల కంపెనీలో సుమారు 14 వేల మందిని నిలబెట్టుకోవడానికి ఆ ఏడాదిలో 50 వేల మందికి పైగా కొత్తగా చేర్చుకోవాల్సి వచ్చింది, అంతమంది మానేసి పోతాండారు, అసెంబ్లీ లైన్ పని అంత విసుగు. 1914 జనవరిలో హెన్రీ ఫోర్డ్ రోజు కూలి 5 డాలర్లు అని ప్రకటించినాడు, ముందున్న దానికి రెట్టింపు దగ్గర, పని గంటలు తొమ్మిది నుంచి ఎనిమిదికి తగ్గించినాడు. మానేసేవాళ్లు ఒక్కసారిగా తగ్గినారు. దాంతోపాటు కార్మికులు ఇంట్లో ఎట్ల బతుకుతాండారో చూడడానికి మనుషుల్ని పంపినాడు, అది మాత్రం నాకు అస్సలు నచ్చలేదు, అది తీసుకోవద్దు. మన దేశంలో జంషెడ్‌పూర్‌లో టాటా స్టీల్ 1912లోనే ఎనిమిది గంటల పని పెట్టింది. మనం రెట్టింపు ఇవ్వలేము, నాకు తెలుసు, పీస్‌కి రూపాయి పెంచితే పార్టీ ఒప్పుకోడు. కానీ రెండు పనులు మన చేతిలో ఉన్నాయి. శనివారం సాయంత్రం ఆరు గంటలకి కూలి చేతిలో పెట్టడం, పార్టీ డబ్బు వచ్చినా రాకపోయినా. ఇంకోటి, ఎవరి లెక్క వాళ్ల పుస్తకంలో రాసి రోజూ సంతకం చేయించడం. నేర్చుకున్న టైలర్ ఒకరు బళ్లారికో బెంగళూరుకో పోతే కొత్తవాళ్లు ఆ పనితనం పట్టుకోవడానికి నెలలు పడతాయి, ఆ నెలల్లో పాడయ్యే పీసుల లెక్క వేసుకుంటే శనివారం టైముకి కూలి ఇవ్వడానికి అప్పు తెచ్చినా నష్టం లేదు.

లెక్కలు రాయడం మొదలుపెడతారు కదా, జాగ్రత్త. నేను మొదట్లో బ్లాక్‌బోర్డు పెట్టి ఎవరు ఎన్ని పీసులు అని పేర్లతో సహా రాసినా. వారం లోపల పీసులు పెరిగినాయి, రీవర్క్, అంటే విప్పి మళ్లీ కుట్టే పని, అంతకంటే ఎక్కువ పెరిగింది, పాడైన పీసులు బండిల్ అడుగున పెట్టి దాచడం మొదలైంది. డెమింగ్ అని అమెరికా ఆయన 1950లో జపాన్ పోయి అక్కడి కంపెనీ పెద్దలకి నాణ్యత పాఠాలు చెప్పినాడు, మరుసటి ఏడాది నుంచే ఆయన పేరు మీద జపాన్‌లో ప్రైజ్ ఇస్తాండారు, మన దేశంలో మొదటిసారి 1998లో చెన్నై సుందరం క్లేటన్‌కి వచ్చింది. ఆయన చెప్పిన 14 సూత్రాల్లో నాకు గట్టిగా తగిలినవి రెండు, భయాన్ని తరిమెయ్యండి, గోడల మీద నినాదాలు తీసెయ్యండి అని. తప్పులు ఎక్కువ భాగం పద్ధతిలో ఉంటాయి, పద్ధతి మార్చే అధికారం ఓనర్ చేతిలో ఉంటుంది, కుట్టేవాళ్లకి నినాదం చూపిస్తే ఏం లాభం. బోర్డు మీద పేర్లు చెరిపేసినా. ఇప్పుడు మూడే అంకెలు, ఈ రోజు పూర్తయిన పీసులు, రీవర్క్‌కి వచ్చిన పీసులు, ఎవరికైనా సూది గుచ్చుకుందా. మూడోది ఎందుకు పెట్టినానంటే అల్కోవా అని అమెరికాలో పెద్ద అల్యూమినియం కంపెనీ, 1987లో దాన్ని చేతికి తీసుకున్న పాల్ ఓనీల్, లాభాల మాట అడిగినవాళ్లకి కార్మికుల భద్రతే మొదటి పని అని చెప్పినాడు, ఇన్వెస్టర్లు బెదిరిపోయినారు. దెబ్బ తగిలిందన్న కబురు పైకి రావాలంటే మధ్యలో ఉండే గోడలన్నీ తీసెయ్యాల్సి వచ్చింది, ఆ దారిలోనే మిగతా కబుర్లూ వచ్చినాయి, కంపెనీ లాభాలూ బాగా పెరిగినాయి. మా దగ్గర సూది గుచ్చుకోవడం అడగడం మొదలుపెట్టినాక వేళ్లకి సూది తగలకుండా ఉండే ఫింగర్ గార్డులు తీసేసి కుడుతున్న మిషన్లు ఐదు బయటపడినాయి.

మూడు నెలలకి ఒకసారి చెయ్యాల్సింది ఒకటి ఉంది. కంప్యూటర్ చిప్‌లు చేసే ఇంటెల్ కంపెనీ 1985లో మెమరీ చిప్‌ల వ్యాపారంలో జపాన్ వాళ్ల దెబ్బకి నష్టపోతా ఉంటే, ఆండీ గ్రోవ్ తన పైనున్న గార్డన్ మూర్‌ని అడిగినాడంట, మనల్ని తీసేసి బోర్డు కొత్త మనిషిని తెస్తే అతను ఏం చేస్తాడు అని. మెమరీ వదిలేస్తాడు అన్నాడు మూర్. మరి మనమే బయటికి పోయి మళ్లీ లోపలికి వచ్చి ఆ పని ఎందుకు చెయ్యకూడదు అన్నాడు గ్రోవ్, ప్రాసెసర్ల మీద పడినారు. దీనికి ఎదురు కథ కెమెరా ఫిల్మ్ అమ్మే కొడాక్ కంపెనీది, డిజిటల్ కెమెరా 1975లో వాళ్ల ఇంజనీరే చేసి చూపించినాడు, ఫిల్మ్ అమ్మకం పోతుందని గట్టిగా అటు పోలేదు, 2012లో దివాలా పిటిషన్ వేసినారు. కబురు లోపలే ఉన్నింది, వినలేదు. నేను ఆ ప్రశ్న మేస్త్రినీ, ఓవర్‌లాక్ అక్కనీ, నాన్ననీ విడివిడిగా అడిగినా, ఈ యూనిట్ వేరేవాళ్లు కొని రేపు పొద్దున వచ్చి కూర్చుంటే మొదట ఏం తీసేస్తారు అని. ముగ్గురూ చిన్నపిల్లల సైజులు అన్నారు. అదే పని, అదే కుట్లు, రేటు సగం. పదేళ్లుగా కుడతాండాం, ఒక్కరూ నాతో అనలేదు, నేను అడగలేదు. ఆ సైజులు ఆపేసినాం.

ఇదంతా ఒకేసారి పెట్టొద్దు, దసరా రంజాన్ సీజన్ ముందర అస్సలు వద్దు, ఆర్డర్లు పల్చగా ఉండే నెల చూసుకొని ఒక వరుస మిషన్లతో మొదలుపెట్టండి, నెల తర్వాత రెండో వరుస వాళ్లే మాకెందుకు లేదని అడుగుతారు. ఆగిన టైముకి కూలి కట్టే మాట బెల్ బిగించే రోజే అందరికీ చెప్పండి, నా మాదిరి పన్నెండు రోజులు పోగొట్టుకోవద్దు. బెల్ మాత్రం మేస్త్రి టేబుల్ పక్కన బిగించొద్దు, లేచి అందరి ముందర నడిచిపోయి నొక్కాలంటే ఎవరూ నొక్కరు, మిషన్ మీద కూర్చున్న చోటి నుంచే చెయ్యి అందాల.